ఆగడం తెలిసిన చప్పుడు

మేడ కింది గది

చిరంజీవి తమ్ముడికి,

అక్క రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. కానీ అబద్ధంతో మొదలుపెడితే తర్వాత నిజం చెప్పినా నమ్మవని మానేశాను. ఫోన్ చేద్దామంటే ఇన్నేళ్ళ ఇనుము చప్పుడుకి నీ చెవులు మందగించాయి. సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినిపించుకోవు. అందుకని ఉత్తరం.

దీంతో పాటు ఒక చిన్న పార్సిలు వస్తుంది. ముందు ఉత్తరం చదివి తర్వాత విప్పు. ఇప్పటికే విప్పేసి ఉంటావు, నాకు తెలుసు. అందులో ఒక చీపురుపుల్ల ముక్క ఉంది, చెత్త అనుకుని పారెయ్యకు. అదే అసలు.

మీ బావకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. బస్సు నడిపినన్నాళ్ళూ మింగిన పొగ ఇప్పుడు లెక్క అడుగుతోంది. నిద్రలో ఊపిరి మధ్యలో ఆగుతుంది. ఆగి, మళ్ళీ ఎవరో పిలిచినట్టు మొదలవుతుంది. ఆగడం ఎక్కువసేపైతే లేపి కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. అంటే నేను వింటూ ఉండాలి. కానీ ఎలా వినను? నీ మేనకోడలు పిచ్చుక ఆ గదిలోనే పని చేసుకుంటుంది, కట్టబోయే ఇళ్ళ బొమ్మలు కంప్యూటర్లో గీస్తుంది. ఇంకో గది లేదు, వరండాలో పెడితే దుమ్ము, వాన. ఆ మిషను లోపల చిన్న ఫ్యాను ఒకటుంది, పిండిమర లాగా ఒకటే రొద. దాని కింద మీ బావ ఊపిరి వినపడదు. నేను అరగంటకోసారి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నిద్ర చెడగొట్టి చంపేస్తావా అని ఆయన తిడతాడు.

పిచ్చుక ఒక ఉపాయం ఆలోచించింది. కొత్త మిషను తనే కూర్చుకుంటోంది. దాని మెదడు మీద పెట్టే కూలరు ఒకటి తెచ్చింది, నా ఇడ్లీ పాత్రంత ఉంది. ఫ్యాను ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా తిరుగుతుందట. నెమ్మదిగా తిరిగేది అరవదట. మనుషులు కూడా అలా ఉంటే బాగుండును. తీరా బిగిద్దామంటే పక్కన నిలబడే మెమరీ పలకలు అడ్డం వచ్చాయి. వాటికి వేడి పోవడానికి రేకు తొడుగులు, వాటి మీద దువ్వెన పళ్ళలాగా పొడుగ్గా పళ్ళు. కూలరు ఫ్యాను కిందికి దిగదు. పిచ్చుక ఒక తొడుగు లాగి చూసింది. జిగురుతో పాటు లోపలి నల్ల గింజ కూడా ఊడొచ్చింది. పలక పోయింది. పిల్ల అన్నం తినలేదు ఆ పూట. ఉన్నవి పారేసి కొత్తవి తెచ్చుకునే రోజులు కావివి.

మిగిలిన మూడూ నీకు పంపుతున్నా. పళ్ళు అరగదీసి పొట్టి చెయ్యాలి. పిచ్చుక బయటికి వెళ్ళినప్పుడు ఫ్యాను కింద చీపురుపుల్ల నిలబెట్టి, తగిలిన చోట విరిచాను. ఆ పుల్ల కన్నా ఎత్తు ఉండకూడదు. పిచ్చుకకి నీ పేరు చెప్పలేదు, తెలిసిన ఫిట్టరు అన్నాను. మీ బావకి అసలే చెప్పలేదు. రాత్రంతా బస్సు నడిపొచ్చి పగలు పడుకున్న మనిషికి వరండాలో నీ ఆకురాయి చప్పుడు ఎలా ఉండేదో, ఆయన ఇనుము బిగించి పట్టే నీ వైసు బోల్టులు ఊడదీసి వీధిలో పెట్టించిన రోజు ఎలా ఉండిందో మళ్ళీ తవ్వను. వరండా అరుగు మీద ఆ నాలుగు చిల్లులు అలాగే ఉన్నాయి. సిమెంటు మేస్త్రీ వచ్చినప్పుడు పూడ్పిద్దామంటే మీ బావ వద్దన్నాడు. ఎందుకని అడగలేదు.

పార్సిలు అందినట్టు వెంటనే రాయి. దారిలో తడిసిందేమోనని ఇప్పట్నుంచే గుండె దడగా ఉంది.

అక్క


రేకుల షెడ్డు

అక్కకి,

పార్సిలు ముందే విప్పాను. పుల్ల కళ్ళజోడు పెట్టెలో భద్రంగా ఉంది. తడవలేదు. ఆ మూడు పలకలకి నువ్వు చుట్టిన గుడ్డలతో ఒక చొక్కా కుట్టించుకోవచ్చు.

మీ ఆయన నిద్ర చెడగొట్టిందని తరిమిన ఆకురాయే ఇప్పుడు మీ ఆయన నిద్రని కాపలా కాయాలన్నమాట. సరే. పని పనే.

కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు. మా వీధిలో రేడియోలు బాగుచేసే ముసలాయనకి చూపించాను. తొడుగు పలక మీద ఉండగా ఆకురాయి పెడితే ఆ పొడి గింజల మధ్య ఇరుక్కుని తగలబడుతుంది అన్నాడు. తొడుగు విప్పాలి. చల్లగా ఉన్నప్పుడు లాగితే మీ అమ్మాయికి జరిగిందే జరుగుతుంది. జుట్టు ఆరబెట్టే మిషనుతో వెచ్చచేసి, గాలం దారం మధ్యలోకి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ లాగాలట. జిగురు వెచ్చబడితే మెత్తబడుతుంది. కొందరు మనుషులకి ఆ గుణం కూడా లేదు.

చేసి పంపుతాను. తొందర పెట్టకు.

తమ్ముడు


మేడ కింది గది

తమ్ముడూ,

తొందర పెట్టనులే. పెట్టకుండా ఉండలేకే ఇది రాస్తున్నా.

మొన్న మధ్యాహ్నం నేను ఆ గదిలోనే కింద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నా. పిచ్చుక చెవులకి ఆ గిన్నెల్లాంటివి పెట్టుకుని పనిలో ఉంది. మిషను రొద. నాకేమీ తేడా తెలియలేదు. చెక్కు పారేద్దామని లేచి చూస్తే ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. లేపి కూర్చోబెట్టి వీపు మీద కొట్టాను. ఊపిరి వచ్చింది. వచ్చాక నన్ను చూసి, "ఏం, బీరకాయనైపోయానా, అలా చూస్తున్నావ్?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మూరెడు దూరంలో కూర్చున్నా తమ్ముడూ. మూరెడు దూరంలో ఆ మనిషి వెళ్ళిపోతుంటే నేను చెక్కు తీస్తూ ఉన్నా.

అప్పట్నుంచి మంచం పట్టె మీద చెయ్యి వేసుకునే కూర్చుంటున్నా. వంట పిచ్చుకే చేస్తోంది. ఉప్పు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు.

ఇంకో సంగతి. నీ ఉత్తరంలో అక్షరాలు ఎందుకు అంత పెద్దవైపోయాయి? తలకట్లు వంకరగా ఉన్నాయి. నీది ముత్యాల్లాంటి చేతిరాత అని నాన్న పదిమందికీ చూపించేవాడు. నేనే నాలుగో తరగతి దాటనిదాన్ని, నా రాతే ఇప్పుడు నీకన్నా నయంగా ఉంది. కళ్ళు చూపించుకున్నావా? వేళకి తింటున్నావా? షెడ్డు తలుపు గడియ సరిగ్గా పడుతోందా?

అక్క


రేకుల షెడ్డు

అక్కకి,

పార్సిలు పంపుతున్నా. మూడూ అయ్యాయి. తొడుగుల పళ్ళన్నీ కోసేసి, పైన చదును చేసి, మళ్ళీ పలకలకి వేడిని లాగే టేపుతో అంటించాను. టేపు రేడియో ఆయన ఇచ్చాడు. పుల్ల పక్కన నిలబెట్టి చూశాను, సరిగ్గా పుల్లంత. పుల్ల కూడా వెనక్కి పంపుతున్నా, చీపురు కట్టలో పెట్టుకో.

అంచులన్నీ చంపాను, వేలు తెగదు.

చేతిరాతకి ఏమీ కాలేదు. కలం బాగా లేదు. గడియ పడుతోంది.

బీరకాయ సంగతి చదివాను. బావగారిని ఎత్తుదిండు మీద పడుకోబెట్టు.

తమ్ముడు


మేడ కింది గది

తమ్ముడూ,

ఎలా రాయాలో తెలియడం లేదు. కూలరు పట్టలేదు.

తప్పు నాదే. పుల్లని నేను మిషను నేల మీద నిలబెట్టి కొలిచాను. ఆ పలక నేల మీద నిలబడదు, ఒక గాడిలో కూర్చుంటుంది, ఆ గాడికే కొంత ఎత్తుంది. పీట మీద నిలబడే మనిషికి నేల మీద నిలబెట్టి గుమ్మం కొలత తీసుకున్నట్టయింది. గోరు మందం ఎక్కువ ఉంది. అంతే. ఆ గోరు మందం కోసం కూలరు మళ్ళీ అట్టపెట్టెలోకి వెళ్ళింది, పాత మిషను మళ్ళీ అరుస్తోంది. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

పిచ్చుకకి తెలిసిపోయింది. పలక చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూసింది. "అమ్మా, ఇది మామయ్య పని," అంది. దాని చిన్నప్పుడు నువ్వు చేసిచ్చిన రేకు బొమ్మకి కూడా అంచులు ఇలాగే చంపావట. తర్వాత తనే దీపం కిందికి వెళ్ళి ఇంకా పరీక్షగా చూసి, "కానీ మామయ్య ఆకురాయి గీత ఇంత వంకర పోదే," అంది. నేనూ చూశాను. పైన చదునులో అలలున్నాయి తమ్ముడూ. కలం బాగాలేదన్నావు. ఆకురాయి కూడా బాగాలేదా?

మా మాటలు మీ బావ విన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం. కళ్ళు మూసుకునే, "ఎవడి పని?" అన్నాడు. పిచ్చుక నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. చివరికి నేనే చెప్పాను, ఆ దువ్వెన పళ్ళన్నీ మా తమ్ముడే కోశాడు అని. అరుస్తాడనుకున్నా. అరవడానికి ఊపిరి లేదనుకో. మెల్లగా కూడదీసుకుని ఇలా అన్నాడు, ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నా: "ఈ మర కన్నా వాడి ఆకురాయే నయం. దానికి ఆగడం తెలుసు. రెండు దెబ్బలు కొట్టి ఆగి ఊదేవాడు. ఆ ఊదే సందులో నాకు నిద్ర పట్టేది."

ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

పలకలు మళ్ళీ పంపను. నువ్వే రా. ఇక్కడే కూర్చుని ఆ గోరు మందం తియ్యి. "రమ్మను" అని ఆయన అనలేదు. "వాడికి బస్సు పడదు, రైల్లో రమ్మని రాయి" అన్నాడు.

అక్క


రేకుల షెడ్డు

అక్కకి,

రాలేను.

నువ్వు అడిగి అడిగి ప్రాణం తీస్తావు కాబట్టి చెప్తున్నా. నా కుడిచెయ్యి వణుకుతోంది. చాన్నాళ్ళుగా. ముందు టీ గ్లాసు దగ్గర మొదలైంది, తర్వాత కలం, తర్వాత ఆకురాయి. మందులిచ్చారు. పెద్దగా లాభం లేదు. షెడ్డుకి పని రావడం ఆగిపోయి కూడా చాన్నాళ్ళయింది. నీ పార్సిలు వచ్చిన రోజు వైసు మీద బూజు దులిపాను.

ఆ మూడు పలకలకీ మణికట్టుని తువ్వాలుతో వైసు పిడికి కట్టేసుకుని ఆకురాయి పట్టి, ఎడమ చేత్తో తొడుగుని దాని మీద రుద్దాను. ఒక్క తొడుగు పూర్తి చెయ్యడానికి ఒక రోజంతా పట్టింది. ఒకప్పుడు అది టీ చల్లారేలోపు పని. అలలు నాకూ కనపడ్డాయి. నీకు కనపడవనుకున్నా. పిచ్చుక కళ్ళ సంగతి మర్చిపోయాను.

ఇప్పుడు ఆ అరుగు మీద కూర్చుని బావగారి ఎదుట వణుకుతూ కూర్చోమంటావా? ఆయన నన్ను పంపించేసినప్పుడు నాకున్నది ఈ చెయ్యి ఒక్కటే. దాన్ని చూసుకునే తలెత్తుకుని వచ్చేశాను. అది లేదని ఆయనకి చూపించడానికి రాలేను. మీ ఊళ్ళో ఏ వెల్డింగు కొట్టువాడైనా ఆ గోరు మందం తీస్తాడు. తొడుగు విప్పకుండా పని మొదలుపెట్టవద్దని మాత్రం చెప్పు.

పిచ్చుకతో నేను అడిగానని చెప్పు.

తమ్ముడు


మేడ కింది గది

తమ్ముడూ,

నీ చెయ్యి వణుకుతోందని ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. రైలు పట్టాలు తప్పుతుందేమోనని, నీ షెడ్డు మీద చెట్టు పడుతుందేమోనని, తేలు కుడుతుందేమోనని ఇన్ని భయపడ్డాను. భయపడాల్సింది ఒక్కటి ఉంటే అది నా దగ్గరే దాచావు.

మీ బావ ఇప్పుడు చెంచా పట్టుకోలేడు. ఆయన మూతి నేను తుడుస్తున్నా. నీ చెయ్యి చూసి ఆయన నవ్వుతాడనుకుంటున్నావా? ఎవరి పరువు ఎవరి దగ్గర దాచుకుంటారురా మీరిద్దరూ?

వెల్డింగు కొట్టువాడికి ఇవ్వను. పలకలు మూడూ నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. నువ్వు వస్తే తీస్తా, లేకపోతే లేదు. అంతదాకా ఆ మర అలాగే అరుస్తుంది, నేను అలాగే వేలు పెట్టి చూస్తూ ఉంటా.

అక్క


రేకుల షెడ్డు

అక్కా,

షెడ్డుకి క్షేమంగా తిరిగి చేరాను. రైలు పట్టాలు తప్పలేదు. నువ్వు కట్టిన పొట్లంలో పులుసు కారి చొక్కాకి అంటింది, అంతే ప్రమాదం.

నువ్వు వంటింట్లో ఉండగా జరిగింది నీకు పూర్తిగా తెలియదు. నీకు చెప్పాలి.

అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. చేతి వైసు ఒకటే తెచ్చాను కదా, మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటే నిలవడం లేదు. నాలుగు దెబ్బలకి ఆకురాయి జారి వేలు గీరుకుంది. అప్పుడు నా వెనక కిటికీలోంచి బావ, "ఎవరికి భయపడి అంత మెల్లగా కొడుతున్నావ్? నేను డ్యూటీ దిగి రాలేదులే," అన్నాడు.

లోపలికి వెళ్ళాను. "మంచానికి బిగించు," అన్నాడు. ఇనప మంచం కదా, పట్టెకి చేతి వైసు సరిగ్గా పట్టింది. ఆయన తల పక్కన కూర్చుని ఆకురాయి పెట్టాను. చెయ్యి వణికింది. ఆయన చూశాడు. మెల్లగా తన చెయ్యి ఎత్తి నా మణికట్టు మీద వేశాడు. గేరు రాడ్డు మీద వేసినట్టు, అంత బరువుగా. ఇంత బలం ఎక్కడ దాచుకున్నాడో. "ముందుకి కొట్టు, వెనక్కి తేలిగ్గా రా," అని నాకు చెప్తున్నాడు, నాకు! ఆ బరువుకి వణుకు ఆగింది. పూర్తిగా కాదు, పనికి సరిపడా.

రెండు దెబ్బలు కొట్టి ఆగి ఊదాను. అలవాటు. ఊదిన పొడి దుప్పటి మీద పడింది. అందుకే నువ్వొచ్చి, "ఇద్దరికీ బుద్ధి లేదు, ఆ పొడి ఆయన ఊపిరిలోకి పోతే!" అని మా ఇద్దర్నీ కలిపి తిట్టావు. మా ఇద్దర్నీ కలిపి నువ్వు తిట్టి ఎన్నేళ్ళయిందో అని నవ్వుకున్నాం. దానికే బావకి దగ్గు వచ్చింది. నువ్వు ఇంకా తిట్టావు.

మూడో తొడుగు చివర ఆయన నిద్రపోయాడు. చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. గోరు మందం అప్పటికే అయిపోయింది. అయినా లేవలేదు, ఉత్తుత్తిగా ఆకురాయి ఆడిస్తూ కూర్చున్నా. ఆ వీధి రోజు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కూలరు పట్టిందా? రాయి.

తమ్ముడు


మేడ కింది గది

తమ్ముడూ,

మొన్న వచ్చావు, బావ పాడె మోశావు, వెళ్ళావు. జనం మధ్యలో నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. నువ్వూ అడగలేదు. ఇప్పుడు చెప్తున్నా.

కూలరు పట్టింది. నీ పలకల మీద నుంచి ఫ్యాను సాఫీగా దిగిందని, మధ్యలో కాగితం మందం సందు మిగిలిందని పిచ్చుక చెప్పింది. అది మీట నొక్కి మిషను ఆన్ చేసింది. మీ బావ, "కరెంటు పోయిందా?" అన్నాడు. పోలేదు నాన్నా, నడుస్తోంది అంటే నమ్మలేదు. ఎదురుగా ఇళ్ళ బొమ్మలు కదులుతుంటే చూసి అప్పుడు నమ్మాడు. "మంచి బండి. గుర్రుపెట్టదు," అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఆయన ఊపిరి వినపడింది. వంటింట్లో ఉన్నా, గుమ్మంలో ఉన్నా. ఒడ్డున కూర్చున్నట్టు కూర్చుని వినేదాన్ని. ఆగితే వెళ్ళి లేపేదాన్ని. వేలు పెట్టి చూడటం మానేశాను. పిచ్చుక కూడా చెవుల గిన్నెలు తీసి పక్కన పెట్టింది, తనూ వినేది. నాకు తెలియకుండా తనూ భయపడుతూ ఉందని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం పిచ్చుక పని చేసుకుంటోంది. నేను మంచం పక్కనే. ఊపిరి ఆగింది, లేపాను. వచ్చింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ లేపబోయాను. ఆయన కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు. ఇంక చాలు అన్నట్టు. నేను భుజం వదల్లేదు. ఆయనే నా చెయ్యి తీసి మంచం పట్టె మీద పెట్టాడు, నువ్వు వైసు బిగించిన చోట. ఆ చోట ఇనుము మీద గీతలు పడి ఉన్నాయి. అవి నా అరచేతికి గరుగ్గా తగులుతుంటే అలాగే కూర్చున్నా.

ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాతదాని కోసం నేనూ పిచ్చుకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కాచుకున్నాం. రాలేదు.

విన్నాను తమ్ముడూ. ఆఖరిది నేను విన్నాను. రొద కింద పోలేదు. బీరకాయ చెక్కు తీస్తూ లేను. జీవితంలో లక్ష వాటికి భయపడ్డాను, చాలావరకు జరగలేదు, ఇది జరిగింది. జరిగేటప్పుడు మాత్రం భయం వెయ్యలేదు. ఎందుకో తెలియదు.

ఇప్పుడు ఇంకో తంటా వచ్చింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. పిచ్చుక పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని చేస్తుంది, ఆ మిషను చీమంత చప్పుడు కూడా చెయ్యదు. నేను ఉలిక్కిపడి ఆగిందేమో అని మంచం వైపు చూస్తాను. మంచం మడిచి గోడకి ఆనించేశాం. అయినా చూస్తాను. పాత ఫ్యాను మళ్ళీ పెట్టమని పిచ్చుకని అడిగాను. అది నా తల నిమిరి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

నీ షెడ్డులో నీకు పని లేదు. నీ చెయ్యి పట్టుకునే వాళ్ళు అక్కడ లేరు. మీ బావ చెయ్యంత బరువైనది కాదు నా చెయ్యి, కానీ రొట్టెపిండి పిసికిన చెయ్యే, తీసిపారేయకు. నీ పెద్ద వైసు తీసుకుని రా. చిల్లులు పూడ్చకపోవడం ఎందుకో ఆయన్ని అడగలేదన్నాను కదా. నీ వైసు వీధిలో పెట్టించిన మర్నాడు పొద్దున డ్యూటీ దిగొచ్చి, పడుకోకుండా చాలాసేపు ఆ అరుగు మీద కూర్చున్నాడు. అది మాత్రం చూశాను.

ఎవరైనా కాస్త చప్పుడు చెయ్యాలి ఈ ఇంట్లో.

అక్క


రేకుల షెడ్డు

అక్కా,

వైసు ఊడదీశాను. బరువు చాలా ఉంది, రైలు దగ్గర పట్టుకోవడానికి పిచ్చుకని రమ్మను. నువ్వు రావద్దు, మెట్ల దగ్గర జారతావేమోనని ఇప్పుడు నాకు భయంగా ఉంది. ఈ జబ్బు నీ నుంచే అంటింది.

పాత బోల్టులు తుప్పు పట్టాయి, కొత్తవి తెస్తున్నా. ఆ నాలుగు చిల్లుల్లో ఇన్నేళ్ళ దుమ్ము పేరుకుని ఉంటుంది. పుల్లతో గెలికి, ఊది పెట్టు.

తమ్ముడు